మంచు రుచి తెలిసిన మాస్టర్

మొన్న మా కాలేజీకి ఒక పరిశోధక అమ్మాయి వచ్చి గాలిలోని సన్నటి ధూళి గురించి ఉపన్యాసం ఇచ్చింది. బోర్డుకు ఎడమ పక్క ‘గంధక వాయువు’ అని, కుడి పక్క ‘సల్ఫేటు’ అని రాసి, మధ్యలో నాలుగు బాణాలు గీసింది. బొగ్గు పొగలోంచి వచ్చిన వాయువు ఈ నాలుగు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుని సల్ఫేటుగా మారుతుందట. చలికాలం పొద్దున ఊళ్ల మీద ముసుగేసుకుని కూర్చునే మసకలో పెద్ద వాటా దానిదేనట. పిల్లలు బుద్ధిగా రాసుకుంటున్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్లకని వదిలిపెట్టిన వెనక వరసలో, తిరగని ఫ్యాను కింద కూర్చుని, ఐదో బాణం ఎక్కడ గీస్తే బాగుంటుందా అని నేను చూస్తున్నాను.

ఐదో దారి ఒక మనిషి నాలుక మీదుగా పోతుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పేరు నాకూ సరిగా తెలియదు. పేటలో అందరూ మాస్టర్ అనేవారు. నేను మాస్టర్ కాకా అనేదాన్ని.

బడి మాస్టరు కాదు, రంగు మాస్టర్. సోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌లో మా ఇంటి వెనక గోడను ఆనుకుని ఒక రంగుల కార్ఖానా ఉండేది. మహారాష్ట్రే అయినా, మగ్గాల పనికి వలస వచ్చిన తెలుగువాళ్ల పేట మాది. చాదర్లకూ టవళ్లకూ కావలసిన నూలు అక్కడ తొట్లలో మునిగి లేచి రంగు పులుముకునేది. ఎరుపూ పచ్చా ఎవరైనా వేస్తారు గాని, నలుపు తొట్టి మాత్రం మాస్టర్‌ది. ఆ నలుపు గంధకంతో చేసిన రంగు. దాన్ని సల్ఫైడు వేసి మరగబెట్టినప్పుడు వచ్చే కుళ్లిన గుడ్ల వాసన మా ఇంట్లోకి చుట్టంలా వచ్చి, చుట్టంలా కాకుండా ఉండిపోయేది. గంధానికీ గంధకానికీ ఒక్క అక్షరమే తేడా. మా బతుకంతా ఆ ఒక్క అక్షరం పక్కనే గడిచింది.

మాస్టర్ చేతులు మోచేతుల దాకా నీలి నలుపు, అక్కణ్ణుంచి పైకి చామనఛాయ. ఇద్దరు మనుషుల్ని మోచేతి దగ్గర పడుగు పోగుల్లా అతికినట్టుండేవాడు. రంగు ఎట్లా వచ్చిందో బల్బు వెలుతురులో ఎప్పుడూ చూసేవాడు కాదు. తడి నూలు లడిని గుమ్మం దాకా మోసుకొచ్చి ఎండకు ఎత్తి పట్టుకుని, కోడలిని చూసే అత్తలా ఒక కన్ను మూసి చూసేవాడు. తొట్టిలో సోడా చాలిందా లేదా అని వేలు ముంచి నాలుక కొసకు తాకించుకుని, పక్కకు తిరిగి మర్యాదగా ఉమ్మేసేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఏ మాట అడిగినా ముందు నాలుక కొస పెదవి మీదికి వచ్చి ఒక్క క్షణం గాలి రుచి చూసి లోపలికి పోయేది. తరవాతే జవాబు.

“ఏం మాస్టర్, బాగున్నవా?”

నాలుక బయటికి, లోపలికి. “బాగనే ఉన్న.”

బాగుండటం కూడా రుచి చూస్తే గాని తేల్చేవాడు కాదు.

మా డాబా, కార్ఖానా డాబా ఒక పిట్టగోడ తేడాతో కలిసే ఉండేవి. ఎనభైల చివరి చలికాలాలవి. నేను బి.ఎస్సీ. రెండో సంవత్సరం, అంటే లోకంలో నాకు తెలియనిది ఏదీ మిగల్లేదని నమ్మే వయసు. పొద్దున్నే పుస్తకం పట్టుకుని డాబా ఎక్కేదాన్ని. అటుపక్క కార్ఖానా బొగ్గు భట్టీ, ఇటుపక్క నేను. భట్టీ పక్కన కూర్చుని బట్టీ పట్టిన చదువు నాది.

మాస్టర్ నాకంటే ముందే అక్కడ ఉండేవాడు. పిట్టగోడ మీద ముందు రోజు సాయంత్రం బోర్లించని పింగాణీ బశి, అంటే చాయ్ సాసరు, ఒకటి పెట్టి పోయేవాడు. మంచు దిగిన పొద్దున ఆ బశి అడుగున నాలుగు చుక్కలు చేరేవి. వేలితో అద్దుకుని నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకునేవాడు. అటు తరవాత అదే బశిని లుంగీకి తుడిచి, అందులోనే చాయ్ పోసుకుని తాగేవాడు.

“ఏముంటది కాకా దాంట్ల?” అని అడిగాను ఒకరోజు.

“పులుపు.”

“మంచుకు పులుపెక్కడిది?”

“నాకేం దెల్సు బిడ్డ. నువ్వు గద సైన్సు. ఈ పొద్దు ధుకే పుల్లగున్నది. నల్ల సూత్ బయటేసేది లేదు.”

ధుకే అంటే మరాఠీలో పొగమంచు. ధుకే పుల్లగా ఉన్న రోజు నల్ల నూలును డాబా మీద ఆరేయనిచ్చేవాడు కాదు. లోపల భట్టీ వెచ్చదనానికి వేలాడదీయించేవాడు. పని ఆలస్యమవుతుందని మాలక్, అంటే కార్ఖానా యజమాని, గొణిగేవాడు. అయినా తొట్టి దగ్గర మాస్టర్ మాటే మాట. ఆ మాటకు ఆధారం ఒక బశి, ఒక నాలుక.

ఆయన లెక్కలు ఇంకా ఉండేవి. పొడి గాలి వీచే రోజు భట్టీ పొగ పైకి పోయి ఎక్కడో చస్తుంది, తడి గాలి రోజు ఇక్కడే దిగి పులుస్తుంది. సందు చివర బర్రెల కొట్టం దగ్గర పెట్టిన బశిలో అంత పులుపుండదు, కానీ అక్కడ మసక తెల్లగా పడి ఉండి మధ్యాహ్నమైనా లేవదు. ఇవన్నీ ఆయన ఎవరికీ పనిగట్టుకుని చెప్పేవాడు కాదు. చాయ్ ఊదుకుంటూ తనలో తాను చెప్పుకునేవాడు. నేను వింటూ, పుస్తకంలో తల దాచుకుని నవ్వుకునేదాన్ని. నా నోట్సులో అవి ఒక్కటీ రాసుకోలేదు. రాసుకున్నవేవో ఇప్పుడు గుర్తు లేవు. ఇవి గుర్తున్నాయి.

ఆ ఏడు చలికాలంలోనే నల్ల నూలు దెబ్బతిన్నది. చాదర్ల అంచులకని పెద్ద ఎత్తున వేసిన నలుపు. చూడటానికి కాకి రెక్కలా నిగనిగలాడుతూ వచ్చింది. మగ్గాలకెక్కిన కొద్ది రోజులకే పోగులు తెగడం మొదలైంది. ఒకటి అతికితే పక్కది తెగుతుంది, దాన్ని అతికితే మొదటిది తెగుతుంది. మా నాన్న కూడా ఆ మాలక్ సాంచెల మీదే పనిచేసేవాడు. సాంచె అంటే మా వాళ్ల భాషలో కరెంటు మగ్గం. ఇంటికొచ్చి చేతిలో ఒక పోగు పట్టుకుని మాకు చూపించి, రెండు వేళ్లతో నలిపాడు. నుసి రాలింది.

“దారం గాదిది. అప్పడం” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మాలక్ సాంచెలు ఆపించి అందర్నీ కార్ఖానా వాకిట్లోకి పిలిచాడు. నేత పనివాళ్లు, రంగు పనివాళ్లు, గోడ మీంచి చూసే ఆడవాళ్లు. మధ్యలో తెగిన పోగుల కుప్ప. మాస్టర్ దాని పక్కన నిలబడి ఉన్నాడు.

“సరిగ్గ కడగలే” అన్నాడు మాలక్. “గంధకం నూలుల నిల్చిపోయింది. లోపల్నే పులిసి తినేసింది. అంతేనా?”

మాస్టర్ నాలుక బయటికి వచ్చి, పోయింది. “కడిగిన. సాయంత్రం ఆరేసినప్పుడు గాలి మంచిగనే ఉండె. తెల్లారెవరకు ధుకే దిగింది. పుల్ల ధుకే. అది కొట్టింది.”

“ధుకే కొడ్తదా సూతును? కట్టె పట్టుకొని వచ్చిందా?” అని ఎవరో అన్నారు.

“బర్రెల కొట్టం కాడ ఆరేస్తే అయిపోతుండె మాస్టర్. ఆడ ధుకే తియ్యగుంటదంటివి గద” అన్నాడు మా నాన్న. వాకిలంతా నవ్వింది.

మాలక్ నవ్వలేదు. ఆయనకు చదువు మీద గౌరవం, చదువుకున్నవాళ్ల మీద అంతకు రెట్టింపు. గోడ మీద నా తల కనిపించింది. “కాలేజీల జదివే పిల్ల ఉన్నది గద. అడుగుదాం. ఏమమ్మ, పొగలున్న గంధకం మంచుల కలిసి తేజాబ్ అయితదా?”

తేజాబ్ అంటే ఆమ్లం. ఆ ప్రశ్న నాకు పరీక్షలో వచ్చింది. బాగా రాశాను. ఇంట్లోకి పరుగెత్తి పుస్తకం తెచ్చుకుని, గోడ మీద పెట్టి, వేలు పెట్టి చదివాను. గంధక వాయువు గంధకామ్లంగా మారాలంటే నాలుగువందల యాభై డిగ్రీల వేడి కావాలి, వనేడియం అనే లోహపు ఆక్సైడు కావాలి, అప్పుడే ఫ్యాక్టరీలో అది సాగుతుంది.

“మన డాబా మీద అంత వేడి ఉన్నదా?” అన్నాడు మాలక్.

“లేదు. చల్లటి మంచుల అసలే కాదు” అన్నాను. పుస్తకంలో లేని ‘అసలే’ నాది.

మాస్టర్ తలెత్తి నా వైపు చూశాడు. “బుక్కుల అట్లున్నదా బిడ్డ?”

“ఉన్నది కాకా.”

ఆయన నాలుక బయటికి రాలేదు. ఆ మనిషి రుచి చూడకుండా జవాబు చెప్పడం అదే మొదటిసారి నేను చూడటం. “అయితే అట్లనే గావొచ్చు” అన్నాడు. కుళాయి దగ్గరికి పోయి, ఎంత కడిగినా వదలని చేతులు కడుక్కుని, తలుపు తీసుకుని బయటికి నడిచాడు. తరవాత ఆ కార్ఖానాలోకి రాలేదు. కొన్నాళ్లకు భార్యను తీసుకుని మా సందు కూడా వదిలిపెట్టాడు.

నాన్న ఆ సాయంత్రం అందరికీ చెప్పుకున్నాడు, మా పోరి మాస్టర్ నోరు మూయించిందని. అమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అంది: “జదివినవ్ మంచిదే. ఆయన్ను ఒక్క మాట అడిగి జదివితే అయిపోతుండె.”

పొద్దున పిట్టగోడ అవతల చోటు ఖాళీగా ఉండేది. కొత్త మాస్టర్ వచ్చాడు గాని, రంగు చూడటానికి బల్బు వేసుకునేవాడు. నాకు చదువు సాగేది కాదు. పుల్ల ధుకే ఈ పొద్దు ఉందో లేదో చెప్పేవాళ్లు లేక, మంచు మంచులాగే ఉండిపోయింది.

ఎమ్మెస్సీకి పుణె పోయాను. అక్కడి లైబ్రరీలో ఒక మధ్యాహ్నం, నిద్ర ఆపుకోవడానికి తీసిన పుస్తకం నా నిద్రను చాలాకాలం దూరం చేసింది. ఆమ్ల వర్షాల మీద పుస్తకమది. నేను చదివిన నాలుగువందల యాభై డిగ్రీలు తప్పు కాదు, అది ఫ్యాక్టరీ దారి. ఆకాశానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. పొడి గాలిలో ఈ మార్పు తాపీగా, రోజుల తరబడి సాగుతుంది. పొగమంచు దిగితే కథ మారిపోతుంది. గంధక వాయువు నీటి బొట్టులో కరుగుతుంది. ఆ బొట్టులోకి గాలిలోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చి చేరితే నిమిషాల్లో పని పూర్తి. బొట్టు పులిసిపోయినా అది ఆగదు. ఓజోను కూడా వస్తుంది గాని, పులుపెక్కేకొద్దీ నీరసపడుతుంది. ఇవి రెండూ తక్కువైన చలికాలంలో కూడా, బొట్టులో పడ్డ ఇనుప ధూళి, మాంగనీసు ధూళి పక్కన నిలబడి మామూలు గాలి చేతనే ఆ పని చేయిస్తాయి. మా పేట గాలిలో ఇనుముకు కరువా? ఇక పశువుల కొట్టాల దగ్గర లేచే అమ్మోనియా ఆ పులుపును విరిచేసి, ఉప్పుగా మార్చేస్తుంది. నీరు ఆరిపోయినా ఆ ఉప్పు రేణువులు గాలిలోనే తేలుతూ, తెల్లటి మసకగా మధ్యాహ్నం దాకా నిలుస్తాయి.

బర్రెల కొట్టం. పుస్తకం మూసేశాను. వాకిట్లో అందరూ నవ్విన నవ్వు ఆ లైబ్రరీలో, నిశ్శబ్దం పాటించమన్న బోర్డు కింద, మళ్లీ వినిపించింది. నేను నవ్వానా లేదా అని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నవ్వే ఉంటాను.

ఊరికి పోయిన ప్రతిసారీ వెతకాలనుకునేదాన్ని, ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పుకుని ఆగేదాన్ని. ఏమని మొదలుపెట్టాలో తెలియదు. ‘కాకా, నాకు మార్కులు తప్పుగా వేశారు’ అనాలా? తొంభైల దశకం వచ్చింది, నాకు ఉద్యోగం కూడా వచ్చింది. చివరికి అమ్మే చెప్పింది, మాస్టర్ వాళ్లు విడీ ఘర్కుల్‌లో ఉంటున్నారని. బీడీ కార్మికుల కోసం కట్టిన కాలనీ అది. ఆయన భార్య బీడీలు చుట్టేది. ఒక శీతాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం పూట బస్సెక్కి పోయాను.

గడపలో ఆమె చాట ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన మాస్టర్ కత్తెరతో తునికాకు కత్తిరిస్తున్నాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. చేతులు మోచేతుల కింద కూడా చామనఛాయలోకి వచ్చేశాయి. అంత శుభ్రమైన చేతులు ఆయనకు నప్పలేదు. ఎవరివో తొడుక్కున్నట్టున్నాయి.

“సైన్సు” అన్నాడు నన్ను చూసి. లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం నాకు కష్టంగా అనిపించింది.

బస్సులో వరసగా పేర్చుకున్న మాటలు గడప దాటలేదు. చాయ్ వచ్చింది. తాగకుండానే అనేశాను: “కాకా, నేను ఆ దినం తప్పు చెప్పిన. ధుకే పుల్లగుంటది. చల్లటి మంచులనే తేజాబ్ అయితది. నాకు అప్పుడు దెల్వదు. మీ పని నా బుక్కు వల్ల పోయింది.”

ఆయన కత్తెర కింద పెట్టాడు. భార్య చేతులు కూడా ఆగాయి.

“బిడ్డ, నీకొక మాట చెప్పాలె” అన్నాడు. “సూత్ కడిగిన దినం నల్లాల నీళ్లు రాలే. నీళ్లు తక్కువ పడ్డయ్. ఆ లాటుకు ఆఖరి సోడా కడుగుడు నేను ఎగ్గొట్టిన. మాలక్ అన్నదే నిజం. గంధకం లోపల్నే ఉండె. ధుకే గూడ దిగింది, అబద్ధం గాదు. గని నేను మొత్తం ధుకే మీదనే పెట్టిన.”

నేను చాయ్ కప్పు కింద పెట్టాను.

“నువ్వు బుక్కు తెరిచినంక, ఈ పోరికి దెల్సిపోయిందనుకున్న. నా మొకం జూసే పట్టుకున్నదనుకున్న. అందుకే నీకు కనవడలే ఇన్నొద్దులు.”

“నాకేం దెల్వదు కాకా. నేను పరీక్షకు చదివింది చెప్పిన.”

“గట్లనా” అన్నాడు. చిన్నగా నవ్వాడు. ఇన్నేళ్లూ నేను ఆయన్ని తప్పించుకు తిరిగాను, ఆయన నన్ను తప్పించుకు తిరిగాడు. ఒకే ఊరివాళ్లమై, ఒకరికొకరం మసకలా.

కాసేపటికి ఆయన అటు ఇటు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. ఆ మాట అడగటానికి ఎంత భయపడ్డాడో ఆ తగ్గిన గొంతులో తెలిసింది.

“గని, పులుపు నిజమేనా? ఉత్తగ నా నోరే పాడైందేమో అనుకున్న. నువ్వు చెప్పినంక బశి పెట్టుడు బంద్ జేసిన. ఏది నోట్లె ఏసుకున్నా నమ్మకం లేకుండె. ఉప్పు సాలిందా అని ఇదడిగినా, నాకేం దెల్సు అంటుంటి” అన్నాడు, భార్య వైపు చూపించి.

“నిజం” అంది ఆమె. “కూర ఎట్లున్నదని ఇన్నేండ్లు ఒక్కనాడు చెప్పలే.”

నేను ఆయన ఉద్యోగం తీసుకున్నాననుకుని వచ్చాను. తీసుకున్నది నాలుకను.

చెప్పాను. బొట్టు గురించి, పెరాక్సైడ్ గురించి, ఇనుము గురించి. బర్రెల కొట్టం దగ్గరికి వచ్చేసరికి ఆయన అరచెయ్యి ఎత్తి ఆపాడు. “మళ్ల చెప్పు. అది ఇననియ్యి.” భార్య కోసం మళ్లీ చెప్పాను. ఆమె పొగాకు దులుపుకుంటూ, “బర్రె మూత్రం సంగతి గూడ బుక్కుల రాసిండ్రా?” అంది. రాశారన్నాను. ఆమె మొగుడి వైపు చూసిన చూపు, పెళ్లినాటి నుంచి బాకీ పడ్డ చూపు లాంటిది.

అప్పుడు ఆయన గోడ అవతల ఒక మరాఠీ పెద్దాయనను కేకేశాడు. “ఈయనకు తెలుగు రాదు. మరాఠీల చెప్పు బిడ్డ.”

రసాయనశాస్త్రం నాకు ఇంగ్లీషులో వచ్చు, అలకలు తెలుగులో వచ్చు. మరాఠీలో వచ్చింది కూరగాయల బేరం ఒక్కటే. అయినా మొదలుపెట్టాను. ఎక్కడ ఆగినా మాస్టర్ మాట అందించాడు. “ధుకే ఆంబట్ అసతే” అన్నాడు చివరికి, మంచు పుల్లగా ఉంటుందని, తీర్పు చదివినట్టు. పెద్దాయన గంభీరంగా తల ఊపి, ఆయనకు ఎప్పట్నుంచో అనుమానంగానే ఉందన్నాడు.

బస్టాప్ దాకా వస్తానని మాస్టర్ బయల్దేరాడు. దారిలో కనిపించిన ప్రతివాణ్ణీ ఆపాడు. సైకిల్ మీద పోయేవాడికి ఒకసారి, పాన్ డబ్బా దగ్గర ఇద్దరికి ఒకసారి నా చేత చెప్పించాడు. ప్రతిసారీ కొంత పాఠం తగ్గింది, కొంత నవ్వు కలిసింది. ఆయన పక్కనే నిలబడి, కళ్లు మూసుకుని, చెవులతో రుచి చూస్తున్నట్టు విన్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. అదే ఆయన్ని చూడటం ఆఖరని అప్పుడు తెలియదు. తెలిసుంటే ఆ బస్సు పోనిచ్చేదాన్ని, ఇంకో నలుగురికి చెప్పేదాన్ని. కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, ఆయన దారిన పోయే ఒకామెను ఆపి, ఈసారి తానే చెబుతున్నాడు. రెండు చేతుల్తో బొట్టును గుమ్మడికాయంత చేసి చూపిస్తున్నాడు. దాంట్లోకి ఏదో దూరుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. అది ఇనుమో ఓజోనో నాకు అందలేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తప్పకుండా తారుమారు చేసి ఉంటాడు.

దిగి సరిదిద్దాలని నాకు అనిపించలేదు.